రేడియో నాటకంలో స్వరమూ, గతీ

మంచి కంఠం ఉంటే చాలు, రేడియో నాటకంలో రాణించవచ్చునని మన ఇళ్లలో ఒక నమ్మకం పాతుకొని ఉన్నది. ఎవరి గొంతైనా కాస్త గంభీరంగా ఉంటే, 'నీవు రేడియోలో చేరవలసినవాడివి' అంటారు. మా స్టూడియో అనుభవం ఈ మాటను సగమే ఒప్పుకుంటుంది. గంభీరమైన కంఠాలు మైక్రోఫోను ముందు చప్పబడిపోవడమూ, బొంగురు గొంతులు శ్రోతను కట్టిపడవేయడమూ మేము తరచు చూస్తున్నదే. కంఠం పుట్టుకతో వచ్చిన సొమ్ము. దానిని ఎక్కడ పెంచవలెనో, ఎక్కడ తగ్గించవలెనో, ఎక్కడ ఆపవలెనో తెలియడం విద్య. నాటకం నిలిచేది ఆ విద్యమీద. అందులోనూ తెలుగు మాటకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. అది వాక్యం చివర ఉన్నది.

రంగస్థలం మీద మాటకు తోడుగా ముఖం ఉన్నది, చేయి ఉన్నది, తెర ఉన్నది, దీపం ఉన్నది. రేడియోలో ఇవన్నీ పోయి మాట ఒక్కటే మిగులుతుంది. 1924 జనవరి 15న బి.బి.సి. ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటకం 'ఎ కామెడీ ఆఫ్ డేంజర్' రేడియో కోసమే వ్రాయబడిన తొలి నాటకాలలో ఒకటి. ఆ రచయిత పన్నిన యుక్తి చూడండి: వేల్సులోని ఒక బొగ్గు గనిలో దీపాలు ఆరిపోతాయి. పాత్రలకు కూడా ఏమీ కనపడదు. శ్రోత కూర్చున్న చీకటిలోనే వారూ ఉంటారు. ఇక మాట తప్ప ఆధారమేమున్నది?

మన తెలుగులో 1938లో మద్రాసు కేంద్రం ఆరంభమైన కొద్దికాలానికే ముద్దుకృష్ణ 'అనార్కలి' ప్రసారమైనది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వెలసినది. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. ఆ రోజులలో తెలుగువారికి నాటకమంటే ప్రధానంగా పద్యనాటకం. చివరి వరుసలో కూర్చున్నవానికి సైతం వినపడవలె కాబట్టి నటుడు గొంతెత్తి, రాగం తీసి, పద్యాన్ని ఆకాశానికి ఎక్కించేవాడు. బళ్ళారి రాఘవ వంటివారు రాగాన్ని తగ్గించి, సహజమైన మాటకు దారి చూపినారు గాని, ఆ అలవాటు అంత సులభంగా వదలలేదు. మైక్రోఫోను వచ్చి ఆ చివరి వరుసవానిని తెచ్చి నటుని పెదవి పక్కన కూర్చోబెట్టినది. జానెడు దూరంలో ఉన్నవానితో ఎవరైనా అరుస్తారా?

ఈ ప్రశ్నకు సమాధానం మైక్రోఫోను పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే భరతుడు చెప్పియున్నాడు. స్వరానికి ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు. దూరాన ఉన్నవానిని పిలవడానికి శిరస్సు, అంత దూరం కానివానికి కంఠం, పక్కనే ఉన్నవానికి ఉరస్సు. దీనికి తోడు పాఠ్యానికి ఆరు అలంకారాలు చెప్పినాడు: ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం. మొదటి నాలుగూ స్వరానికి సంబంధించినవి, తక్కిన రెండూ గతికి. మా నాటక విభాగంలో నేటికీ వీటికి మించిన పట్టిక అవసరం పడలేదు.

మైక్రోఫోను దగ్గర దూరమనేది ఎలా పుడుతుందో కూడా చెప్పవలె. నటుడు దగ్గరగా నిలిచి మాట్లాడితే యంత్రానికి అతని గొంతే ఎక్కువగా అందుతుంది. నాలుగడుగులు వెనుకకు పోతే గొంతు తగ్గి, గోడలనుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని దానితో పోల్చితే పెరుగుతుంది. ఆ నిష్పత్తినిబట్టే మన చెవి దూరాన్ని అంచనా వేస్తుంది. పూర్వపు రిబ్బన్ మైక్రోఫోను ముందువైపునుంచీ వెనుకవైపునుంచీ సమానంగా వినేది, పక్కలనుంచి దాదాపు వినేది కాదు. కాబట్టి ఇద్దరు నటులు దానికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలిచేవారు. వీధిలోకి వెళ్లిపోయే పాత్ర నడుస్తూ దాని పక్కవైపుకు తిరిగితే చాలు, శ్రోతకు తలుపు దాటి వెళ్లినట్లు ఉండేది. అయితే, నటుడు కాళ్లతో దూరం జరిగి గొంతును మాత్రం ఉరస్స్థానంలోనే ఉంచుకుంటే ఆ మాయ చెడిపోతుంది.

ఇక తెలుగు వాక్యం సంగతి. మనకు క్రియ చివర వస్తుంది. అవునో కాదో, జరిగినదో జరగనున్నదో, అడుగుతున్నాడో చెబుతున్నాడో, ఎదుటివారిని మన్నిస్తున్నాడో లేదో, అంతా ఆ చివరి రెండు మూడు అక్షరాలలోనే తేలుతుంది. 'రేపు పొద్దున్నే పట్నం వెళ్లి ఆ కాగితాలమీద సంతకం చేస్తాను' అన్న వాక్యానికీ, చివర 'చేయను' అని ఉన్న వాక్యానికీ మొదటి ఏడు మాటలలో తేడా ఏమీ లేదు. ఇంగ్లీషులో నిషేధం వాక్యం నడుమనే వచ్చిపోతుంది, చివర గొంతు తగ్గినా నష్టం తక్కువ. ఊపిరి నడక మన వాక్యానికి సరిగ్గా ఎదురు. మొదట రొమ్ము నిండుగా ఉంటుంది, స్వరం ఎత్తులో ఉంటుంది. చివరకు వచ్చేసరికి రెండూ అడుగంటుతాయి. ప్రాణం ఉన్నచోట ఊపిరి లేక, ఊపిరి ఉన్నచోట ప్రాణం లేక, మాట శ్రోతకు చేరకుండానే రాలిపోతుంది. కొత్త నటుల లోపాలలో పదింట ఆరు ఇక్కడివేనని మా అభిప్రాయం.

'నెమ్మదిగా చెప్పండి' అంటే వారు అక్షరాలను సాగదీస్తారు. తెలుగులో అది చాలా ప్రమాదం. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వం మన భాషలో అర్థాన్నే మార్చివేస్తాయి. 'పలు' సాగితే 'పాలు' అవుతుంది, 'అట' సాగితే 'ఆట' అవుతుంది. తొందరలో డకారం మీద నిలవకపోతే పశువులు మేసే 'గడ్డి' దొరవారి 'గడి' అయిపోతుంది. అందుచేత విలంబితమంటే మాటను సాగదీయడం కాదు, మాటకూ మాటకూ నడుమ, భావానికీ భావానికీ నడుమ చోటు ఇవ్వడం. ద్రుతమంటే ఆ చోటును తగ్గించడమే గాని అక్షరాలను మింగడం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. కామారెడ్డినుంచి నిజామాబాదు పోయే దారిలో సదాశివనగర్ ఉన్నది. ఆ ప్రాంతాలనుంచి గల్ఫు దేశాలకు పనికి పోయినవారు ఎందరో. దుబాయి పోయిన కొడుకు గడువు తీరకముందే తిరిగివచ్చి వాకిట్లో నిలిచినాడనుకుందాము. తండ్రి మంచంమీద కూర్చుని ఉన్నాడు. రచయిత ఆయనకు ఇచ్చినది ఒకటే మాట: 'అచ్చినవా బిడ్డా.' మనం వ్రాతలో 'వచ్చావా' అనేదానికి అటువైపు పల్లెలలో వినవచ్చే పలుకు ఇది.

దీనిని శిరస్స్థానంలో, ద్రుతంగా, చివరి అచ్చును పైకి లేపి పలికితే తండ్రికి సంతోషమే తప్ప మరేమీ తెలియదు. కంఠస్థానంలో పలికి, 'అచ్చినవా' తరువాత కొంచెం ఆగి, 'బిడ్డా' అన్నది తగ్గించి చెబితే ఏదో చెడు జరిగినదని ఆయన పోల్చుకున్నాడు. ఉరస్స్థానంలో, మంద్రంగా, చివరి దీర్ఘాన్ని లేపకుండా నేలమీదనే వదిలివేస్తే అది ప్రశ్న కానే కాదు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఆయన కళ్లముందు నిలిచినది. భరతుడు సాకాంక్షమనీ, నిరాకాంక్షమనీ రెండు విధాల కాకువును చెప్పినది ఇటువంటి తేడాలకే. చెప్పవలసినది ఇంకా మిగిలి ఉన్నదా, ముగిసినదా అనేది మాటకంటె ముందు స్వరం చెబుతుంది.

అయితే ఈ మూడవ రీతిని తండ్రి పాత్రధారి ఎంత బాగా పలికినా, కొడుకు వెంటనే జవాబు చెబితే అంతా వ్యర్థం. ఆ మాట వాకిట్లో కొంతసేపు పడి ఉండవలె. రెండు క్షణాలు చాలు. రంగస్థలం మీద రెండు క్షణాల మౌనం ఎవరికీ పట్టదు. రేడియోలో అది పెద్ద సంఘటన. అంతకు మించితే సెట్టు చెడినదేమోనని ఇంటివారు లేచి చూస్తారు! గతి ఒక్క నటుని సొత్తు కాదని, అది ఇద్దరి నడుమ ఉన్నదని మేము చెప్పడం ఇందుకే.

ఇక్కడే ఒక బాధ కలిగించే విషయం ఉన్నది. మన సినిమాలలోనూ నాటకాలలోనూ చాలాకాలం తెలంగాణ పలుకు నవ్వించే పాత్రకో, పనివానికో మాత్రమే దక్కినది. కన్నీరు పెట్టించవలసిన తండ్రి మాత్రం కృష్ణా గోదావరి తీరాల భాషలోనే మాట్లాడేవాడు. ఇప్పుడు ఆ పరిస్థితి మారుతున్నది, సంతోషమే. కాని మార్చేవారు తరచు మాటలను మార్చి గతిని మరచిపోతున్నారు. తెలంగాణలో 'పోతాడు' అన్నది 'పోతడు' అవుతుంది, 'వస్తావు' అన్నది 'వస్తవు' అవుతుంది. క్రియ చివరి దీర్ఘం కురచవుతుంది, వాక్యం తొందరగా నేల దిగుతుంది. ఆ దిగుడు పట్టుకోకుండా 'ఏంది', 'గట్ల' అనే మాటలు నాలుగు చల్లితే సదాశివనగర్ శ్రోతకు అది తన ఇంటి మాటగా వినపడదు, వేషంగా వినపడుతుంది. బీడీలు చుట్టుతూ రేడియో వినే స్త్రీల చేతులూ కళ్లూ పనిలో ఉంటాయి, చెవి ఒక్కటే ఖాళీ. ఆ చెవిని మోసగించడం కష్టం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉన్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపునుంచి స్వరపరీక్షకు వచ్చే యువకులలో కొందరు తమ పలుకును దాచుకొని, 'రేడియో భాష' అనుకున్నదానిని తెచ్చిపెట్టుకుంటారు. ప్రతి క్రియనూ సాగదీస్తారు. అప్పటిదాకా బయట వరండాలో తోటివారితో చక్కగా హాస్యమాడుతున్నవాడు మైక్రోఫోను ముందుకు రాగానే కొయ్యబారిపోతాడు. అతనిలోని నటుడు వరండాలోనే ఉండిపోయినాడన్నమాట. అటువంటివారిని మేము ముందు తమ ఇంటి పలుకులోనే ఒక సంగతి చెప్పమని అడుగుతాము. వ్రాతభాష ఆ తరువాత నేర్చుకోవచ్చు. చిందు యక్షగానం, ఒగ్గు కథ పుట్టిన నేల వారిది. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ స్త్రీ అయివుండి పురుషపాత్రలు ధరించి మెప్పించినారు. ఒగ్గు కథకుడు కథ చెబుతూ చెబుతూ రెప్పపాటులో రాజవుతాడు, మరుక్షణం రాజు తల్లి అవుతాడు. వేషం మార్చడు, గొంతు స్థానాన్నీ, గతినీ మారుస్తాడు. వంతపాడేవాడు ఆ మలుపుకు కావలసిన వ్యవధి ఇస్తాడు. రేడియో నటునికి ఇంతకంటె దగ్గరి పాఠశాల ఏది?

హాస్యానికి గతి మరింత ముఖ్యం. చిలకమర్తివారి 'గణపతి'ని విజయవాడ కేంద్రం నాటకంగా అందించినప్పుడు నండూరి సుబ్బారావు గొంతు దానికి ప్రాణం పోసినది. హాస్యంలో నవ్వు పుట్టించే మాటకు ముందు నటుడు తాను నవ్వకూడదు, తొందరపడకూడదు, ఆ మాటను మిగిలినవాటికంటె గట్టిగా పలకనూ కూడదు. శృంగారంలో, విరహంలో దీనికి వేరు లెక్క. చలం 'పురూరవ' హైదరాబాదు కేంద్రంనుంచి వచ్చినప్పుడు ఊర్వశిగా శారదా శ్రీనివాసన్, పురూరవునిగా చిరంజీవి పలికినారు. దేవకన్యకూ మానవునికీ ఉన్న అంతరం అక్కడ రెండు గొంతుల అంతరంగా తేలవలసి ఉన్నది. కిరీటాలూ, మేఘాలూ చూపే అవకాశం రేడియోకు లేదు గదా.

నాటకం వ్యవధిని మించిపోయినప్పుడు 'కొంచెం వేగంగా కానివ్వండి' అని నటులను తరిమే ప్రయోక్తలు ఉన్నారు. మా దృష్టిలో అది చేయరాని పని. వేగం పెంచితే మొదట నలిగిపోయేవి వాక్యాంతాలు, తరువాత మౌనాలు. ఒక పుట కొట్టివేయడం మేలు. రచయితలు కోపగించుకుంటారనుకోండి!

ప్రసారమార్గం కూడా కొంత కాజేస్తుంది. మీడియం వేవ్‌లో ఒక్కొక్క కేంద్రానికి దక్కే చోటు ఇరుకు. అందులో సుమారు 4,500 హెర్ట్జులకు పైనున్న ధ్వని చాలావరకు పోతుంది. స, శ వంటి ఊష్మాల పదును ఉండేది ఆ పైభాగంలోనే. అందుచేత వాటిని స్పష్టంగా పలకవలె. ఎఫ్.ఎం.లో ఈ బాధ తక్కువ. ఇప్పుడు చాలామంది చరవాణిలో, చెవికి తగిలించుకునే సాధనాలతో వింటున్నారు. అక్కడ నటుని ఊపిరి తీసుకోవడం, పెదవి తడి సైతం వినపడతాయి. భయపడే పాత్రకు ఆ ఊపిరి అలంకారం, వార్త తెచ్చిన జవానుకు అది దోషం. ప, బ, భ వంటి ఓష్ఠ్యాలు నేరుగా మైక్రోఫోనుకు తగిలితే 'ఢాం' అంటుంది. ముఖం కొంచెం పక్కకు తిప్పి పలికితే గాలి పక్కకు పోయి మాట నిలుస్తుంది.

ఇంట్లో నాటకం చదివి చూచుకోదలచినవారికి యంత్రాలేవీ అక్కరలేదు. ఒకరు పక్కగదిలో గోడకు ఇవతల కూర్చోవలె, ఒకరు అటు నిలిచి పుట చదవవలె. మధ్య తలుపు ఓరగా వేయవలె. వినేవారి చేతికి పుట ఇవ్వకండి. ఏ వాక్యంలోనైనా చివరి మాట అందకపోతే వారు గోడమీద ఒక్కసారి తట్టుతారు. చదివేవారు ఆ వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి అందుకోవలె, ఈసారి మొదటి మాటలను తక్కువ గొంతుతో, చివరిదానికి ఊపిరి మిగుల్చుకొని. ఒక పుట పూర్తి అయ్యేసరికి గోడ ఎన్నిసార్లు మోగినదో లెక్కపెట్టి, పాత్రలు మార్చుకొని మళ్లీ మొదలుపెట్టండి.