ఫొటో కింద పేరు లేని వాళ్లు

బోధన్ పక్కన శక్కర్‌నగర్ పేరు వినని చెరకు కూలీ మన ప్రాంతంలో లేడు. అక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. ఆ ఫ్యాక్టరీ పాత ఫొటోలు నాలుగు ఈ మధ్య ఒక కూలీ ఇంట్లో చూశాం.

ఏముంది వాటిలో? ముందు వరసలో కుర్చీలు, కుర్చీల్లో కోట్లు వేసుకున్న ఆఫీసర్లు. వెనక పొగగొట్టం. కింద ఆఫీసర్ల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. చెరకు నరికినవాడి పేరు మాత్రం లేదు.

ఫ్యాక్టరీ ఊరికే రాలేదు. ముందు నీళ్లొచ్చాయి. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీరా మీద నిజాంసాగర్ కట్టారు. 2 లక్షల 75 వేల ఎకరాలు తడపాలన్నది లెక్క. కట్టించిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. మరి తట్టలు మోసిన చేతుల మాటేమిటి?

నీళ్లొస్తే చెరకొచ్చింది. నరికిన చెరకు ఆగదు. ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అందుకే క్రషింగ్ రోజుల్లో కూలీకి పగలూ రాత్రీ ఒకటే. ఆకు కోసి చేతులు పగిలినా కొడవలి ఆగేది కాదు.

నాలుగో ఫొటోలో ఒక మూల చెరకు మోపుతో ఒక ఆడమనిషి ఉంది. ముఖం సగమే పడింది. ఆ ఇంటి ముసలమ్మ వేలు పెట్టి చూపింది: "గీమె మా అవ్వ బిడ్డా. ఫొటో తీసెటోడు పక్కకు జరుగుమన్నడట. మోపు బరువుకు జరగలేకపాయె. గందుకే పడ్డది."

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసేశారు. పర్మినెంటు కార్మికుడికి కనీసం మస్టరు మీద పేరుంది, బకాయి అడగడానికి కాగితముంది. పొలంలో చెరకు నరికిన కూలీ ఏ రిజిస్టరులోనూ లేడు. లెక్కలో లేనివాడి నష్టం కూడా లెక్కలోకి రాదు.

అందుకే కూలీ సోదరులకు, అక్కచెల్లెళ్లకు మా మాట ఒకటే. ఇంట్లో పాత ఫొటో ఉంటే పారేయకండి. పెద్దలు బతికుండగానే అడగండి: ఎవరు, ఏ ఊరు, ఏ పని, ఎంత కూలి. ఫొటో వెనక రాసి పెట్టండి. ఆ ముసలమ్మ తల్లి పేరు మేము రాసే వచ్చాం.