మీకు తెలుసా? దొరలు ఎవరిని చూసి నవ్వారు?

బ్రిటన్‌లో 1982 దాకా టీవీ చానెళ్లు మూడే. రాత్రి భోజనాల వేళ దేశంలో సగం మంది ఒకే కామెడీ ముందు కూర్చునేవారు. మర్నాడు ఆఫీసులో, బస్సులో అదే కబురు. వాటిలో కొన్ని ఇప్పటికీ కడుపుబ్బ నవ్విస్తాయి. కొన్నిటిని చూస్తే మాత్రం ‘దీనికి ఎలా నవ్వారబ్బా!’ అనిపిస్తుంది. ఈసారి ఆ రెండు రకాల సంగతులూ...

కామెడీకి జడిసిన నాయకుడు

1964 అక్టోబరు 15న బ్రిటన్‌లో సాధారణ ఎన్నికలు. పోలింగ్ రాత్రి తొమ్మిదింటి దాకా. ఆ సాయంత్రమే బీబీసీ ‘స్టెప్టో అండ్ సన్’ పాత ఎపిసోడ్ ఒకటి మళ్లీ వేయబోతోందని తెలిసి లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్‌కు గుబులు పట్టుకుంది. కార్మికులు పని దిగి ఇల్లు చేరి, ఓటుకు బయల్దేరే వేళ అది. ఒకసారి టీవీ ముందు కూలబడితే ఇక లేస్తారా? బీబీసీ డైరెక్టర్ జనరల్ హ్యూ గ్రీన్‌కు మొరపెట్టుకుంటే, ఆయన దాన్ని పోలింగ్ ముగిసే వేళకు జరిపించారు. లేబర్ పార్టీ గెలిచింది. మెజారిటీ నాలుగంటే నాలుగు సీట్లు!

ఇంతకీ అందులో ఉన్నది గుర్రబ్బండి మీద తిరిగి పాత సామాన్లు పోగుచేసే తండ్రీకొడుకుల గొడవ. కొడుక్కి ఆ కొంప వదిలి పోవాలని, తండ్రికి వాణ్ని పోనివ్వకూడదని. దీన్ని రాసిన రే గాల్టన్, అలన్ సింప్సన్‌లకు స్నేహం కుదిరింది ఎక్కడనుకున్నారు? క్షయ రోగుల శానిటోరియంలో.

అతిథిని తిట్టిన హోటల్ యజమాని

1970లో మాంటీ పైథాన్ అనే హాస్య బృందం షూటింగ్ కోసం టార్కీ అనే సముద్రతీర పట్టణానికి వెళ్లి గ్లెనీగల్స్ హోటల్లో దిగింది. యజమాని డొనాల్డ్ సింక్లెయిర్ తీరే వేరు. టెర్రీ గిలియమ్ కత్తి, ఫోర్కు పట్టుకునే పద్ధతి బాగాలేదని భోజనాల బల్ల దగ్గరే మందలించారు. ఎరిక్ ఐడిల్ బ్యాగులో బాంబు ఉందేమోనని దాన్ని తీసుకెళ్లి బయట గోడ అవతల పెట్టించారు. మిగతావాళ్లు మూటాముల్లె సర్దుకుని వేరే హోటల్‌కు పోతే జాన్ క్లీజ్ ఒక్కరే అక్కడ ఉండిపోయారు. ఇలాంటి మనిషి మళ్లీ దొరుకుతాడా మరి!

అలా పుట్టినవాడే ‘ఫాల్టీ టవర్స్’లోని బాసిల్ ఫాల్టీ. క్లీజ్, ఆయన భార్య కోనీ బూత్ కలిసి రాశారు, కలిసి నటించారు. 1975లో ఆరు ఎపిసోడ్లు, 1979లో ఆరు. అంతే, మొత్తం 12! రెండో విడత వచ్చేసరికి వాళ్లు విడాకులు కూడా తీసుకున్నారు. అయినా కలం మాత్రం కలిసే నడిచింది. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద మేటి బ్రిటిష్ టీవీ కార్యక్రమాల జాబితా వేస్తే ఈ 12 ఎపిసోడ్లకే మొదటి స్థానం. సింక్లెయిర్ గారి భార్య మాత్రం ‘మా ఆయన అలాంటివాడు కాదు’ అని తర్వాత పత్రికలతో వాదించింది.

సర్వర్ మాన్యుయెల్, క్రికెట్ మేజర్

అదే హోటల్లో ఇంగ్లిష్ సరిగా రాక తన్నులు తినే స్పెయిన్ సర్వర్ మాన్యుయెల్. ఆ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ స్పెయిన్‌వాడు కాదు. 1930లో బెర్లిన్‌లో పుట్టి, తండ్రి యూదుడు కావడంతో నాజీల బారి నుంచి తప్పించుకుని 1938లో కుటుంబంతో లండన్ చేరిన పిల్లాడు. స్పెయిన్‌లో ఈ కామెడీని డబ్ చేసినప్పుడు అక్కడివాళ్లు నొచ్చుకుంటారని మాన్యుయెల్‌ను ఇటలీవాణ్ని చేసేశారు!

పరదేశి యాస మీద జోకులు ఇప్పుడు చూస్తే కాస్త చివుక్కుమంటుంది. కానీ గమనించండి, ప్రతిసారీ చివరికి వెర్రివాడయ్యేది మాన్యుయెల్ కాదు, ‘నాకు స్పానిష్ వచ్చు’ అని బడాయి పోయే బాసిలే. ఇంతకన్నా చిక్కుముడి ‘ది జర్మన్స్’ ఎపిసోడ్‌లో ఉంది. హోటల్లో తిష్ఠవేసిన ముసలి మేజర్ వెస్టిండీస్, భారత క్రికెట్ జట్ల గురించి చెబుతూ నల్లవాళ్లను, మనవాళ్లను తిట్టే నీచమైన మాటలు వాడతాడు. 2013లో బీబీసీ ఆ ముక్క కత్తిరించి వేసింది. 2020లో యూకేటీవీ ఏకంగా ఎపిసోడ్‌నే తీసేసి, క్లీజ్ మండిపడ్డాక హెచ్చరికతో మళ్లీ పెట్టింది. ‘మేం నవ్వింది మేజర్ బుర్రను చూసి’ అన్నది క్లీజ్ వాదన. అందులో నిజముంది. ఆ మాట పడ్డవాడి చెవికి మాత్రం తేడా అంత సులువుగా తెలియదన్నదీ నిజమే.

పిరికి ముసలాయన, అసలు సైనికుడు

‘డాడ్స్ ఆర్మీ’ (1968–77) రెండో ప్రపంచయుద్ధంలో ఊరు కాపాడతామని బయల్దేరిన హోంగార్డుల కథ. దళపతి మెయిన్వారింగ్ బ్యాంకు మేనేజరు, మధ్యతరగతి మనిషి. కింద పనిచేసే సార్జెంట్ విల్సన్‌ది గొప్పింటి పుట్టుక. పదవి ఒకరిది, దర్జా మరొకరిది. ఇంగ్లిష్‌వాళ్ల తరగతి పిచ్చిని ఇంత మెత్తగా గిల్లిన కామెడీ మరొకటి లేదు.

అందులో అస్తమానం బాత్రూమ్‌కు పరుగెత్తే ముసలి గాడ్‌ఫ్రీ గుర్తున్నాడా? ఆ నటుడు ఆర్నాల్డ్ రిడ్లీ 1916లో సోమ్ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుడు. రెండో యుద్ధంలోనూ ఫ్రాన్స్ వెళ్లారు. మధ్యలో ‘ది ఘోస్ట్ ట్రెయిన్’ అనే పేరుమోసిన నాటకం రాశారు.

దేవలాలికి రాని దేవలాలి కామెడీ

‘డాడ్స్ ఆర్మీ’ రాసిన జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్‌లదే ‘ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్’ (1974–81). 1945లో మహారాష్ట్రలోని దేవలాలి సైనిక శిబిరంలో ఆటపాటలతో తోటి సైనికులను అలరించే బృందం కథ ఇది. పెర్రీ స్వయంగా ఆ శిబిరంలో ఆ పనే చేశారు. షూటింగ్ మాత్రం అంతా ఇంగ్లండ్‌లోనే, ఒక్క దృశ్యమూ మన గడ్డ మీద తీయలేదు.

ఇందులో బేరర్ రంగీరామ్ వేషం వేసింది మైకేల్ బేట్స్ అనే ఇంగ్లిష్ నటుడు, ఒంటికి రంగు పూసుకుని. బేట్స్ పుట్టింది ఝాన్సీలో. హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవారు, యుద్ధకాలంలో గూర్ఖా దళంలో పనిచేశారు. కాబట్టి యాస కుదిరింది. అయినా ఆ రంగు మాత్రం కుదరలేదు. అంత అనుభవమున్న భారతీయ నటులు అప్పట్లో బ్రిటన్‌లో దొరకలేదని రచయితల సమర్థన. దొరక్కపోవడమేమిటి? ఢాకాలో పుట్టిన డినో షఫీక్ అదే కామెడీలో చాయ్‌వాలాగా ఉన్నారు! పెద్ద వేషం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది. బీబీసీ చాలా కాలంగా దీన్ని మళ్లీ వేయడానికి వెనకాడుతోంది. ఇక్కడ అతి చేసే సార్జెంట్ మేజర్‌ను, చేతకాని ఆఫీసర్లను ఉతికిన తీరు మాత్రం ఇప్పటికీ బాగుంటుంది.

తిట్టడానికి సృష్టిస్తే హీరో అయ్యాడు

రచయిత జానీ స్పైట్ 1960ల్లో ‘టిల్ డెత్ అస్ డూ పార్ట్’ కోసం ఆల్ఫ్ గార్నెట్ అనే పాత్రను తయారుచేశారు. లండన్ ఈస్ట్ ఎండ్ మనిషి. నల్లవాళ్లంటే పడదు, యూదులంటే పడదు, ఆడవాళ్లకు నోరుండకూడదంటాడు. వాడి మూర్ఖత్వాన్ని ఎండగట్టడమే స్పైట్ ఉద్దేశం. ఆ పాత్ర వేసిన వారెన్ మిచెల్ యూదుడు, రాజకీయాల్లో వామపక్షం. వీధిలో కనిపించినవాళ్లు ‘నల్లవాళ్లను భలే కడిగేశావు!’ అని భుజం తడితే, ‘మేం కడిగింది నీలాంటివాళ్లనే నాయనా’ అని చెప్పుకోవాల్సి వచ్చేది ఆయనకు.

ఉద్దేశం ఎంత మంచిదైనా అరగంటలో ఇరవై నిమిషాలు మైకు మూర్ఖుడి చేతిలోనే ఉంటే జనం గుర్తుపెట్టుకునేది వాడి మాటలే. ఈ కామెడీని చూసే అమెరికన్లు 1971లో ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ తీశారు. అక్కడా అదే తంతు.

వెక్కిరించిన చోటే ఆదరణ

‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ (1977–79) లండన్ రాత్రిబడిలో ఇంగ్లిష్ నేర్చుకునే పరదేశీయుల కథ. తల ఊపే పాకిస్తానీ, ఆవేశపడే సిక్కు, ఎప్పుడూ అల్లుకుంటూ కూర్చునే భారతీయ గృహిణి. దేశానికో మూస. సిక్కు వేషం వేసిన ఆల్బర్ట్ మోజెస్ శ్రీలంకలో పుట్టినవారు. పాకిస్తానీ అలీ వేషంలో మళ్లీ మన డినో షఫీక్. జనం బాగానే చూస్తున్నా, మూస బొమ్మలు అవమానకరంగా ఉన్నాయని లండన్ వీకెండ్ టెలివిజన్ పెద్ద మైకేల్ గ్రేడ్ దీన్ని ఆపేశారు. తమాషా ఏమిటంటే, వెక్కిరింపుకు గురైన దేశాలే దీన్ని నెత్తిన పెట్టుకున్నాయి. 1993లో పంకజ్ కపూర్‌తో దూరదర్శన్‌లో వచ్చిన ‘జబాన్ సంభాల్‌కే’కు మూలం ఇదే. కాకపోతే అందులో హిందీ రాక తికమకపడేవాళ్లలో ఇంగ్లిష్‌వాడూ ఉన్నాడు!

డబ్బాలోంచి చెరిగిపోయిన నవ్వులు

ఆ రోజుల్లో వీడియో టేపు రెండంగుళాల వెడల్పు, ఖరీదు బాగా ఎక్కువ. ఒకటి రెండుసార్లు వేశాక పాత కార్యక్రమం చెరిపేసి అదే టేపు మీద కొత్తది ఎక్కించేవారు. 1978లో బీబీసీ పద్ధతి మార్చుకునేలోగా పీటర్ కుక్, డడ్లీ మూర్‌ల ‘నాట్ ఓన్లీ బట్ ఆల్సో’ చాలా భాగం పోయింది. ‘టేపుల డబ్బు మేమే ఇస్తాం, ఉంచండి’ అని వాళ్లు బతిమాలినా వినలేదు. ‘డాడ్స్ ఆర్మీ’ 80 ఎపిసోడ్లలో మూడు ఇప్పటికీ లేవు. కాబట్టి ‘పాత కామెడీలన్నీ ఆణిముత్యాలే’ అని ఎవరైనా అంటే నమ్మకండి. మనం చూస్తున్నది జల్లెడలో మిగిలినవే.

ప్రధానమంత్రి నటించిన స్కిట్

తెలివైన అధికారి, తెల్లమొహం వేసే మంత్రి. ‘యెస్ మినిస్టర్’ తొలి ఎపిసోడ్ ముందే సిద్ధమైనా ఎన్నికలు దగ్గరపడ్డాయని ఆపి 1980లో వేశారు. ఇది మార్గరెట్ థాచర్‌కు ఎంత నచ్చిందంటే, 1984 జనవరిలో ఒక అవార్డు సభలో అందులోని నటులతో కలిసి ఆమే ఒక చిన్న స్కిట్ వేసింది. ఆర్థికవేత్తలను రద్దు చేయాలన్నది అందులోని జోకు. నటులకు అది ఏమాత్రం ఇష్టం లేదు, తప్పించుకోలేకపోయారు. తనను వెక్కిరించే కామెడీని చంకనెక్కించుకోవడం ప్రభుత్వానికి తెలిసిన పాత విద్యే. ఫరూఖ్ షేక్ మంత్రిగా 2001లో వచ్చిన ‘జీ మంత్రీజీ’ దీని హిందీ రూపం.

అమీర్‌పేటలో మాంటీ పైథాన్

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మన పిల్లలు నేర్చుకునే కంప్యూటర్ భాష పైథాన్‌కు, పాముకు సంబంధం లేదు. దాన్ని తయారుచేసిన గిడో వాన్ రోసమ్ 1969లో మొదలైన ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ అభిమాని. పాఠాల్లో ఉదాహరణలుగా స్పామ్, ఎగ్స్ అని తగిలేవి కూడా అందులోని ఒక స్కెచ్ నుంచి వచ్చినవే. ఆ బృందంలో ఆరుగురూ మగవాళ్లు. ముసలమ్మల వేషాలన్నీ వాళ్లే వేసుకునేవారు. కాస్త అందంగా కనిపించాల్సి వస్తేనే కరోల్ క్లీవ్‌లాండ్‌ను పిలిచేవారు. ఎంత కొత్తదనం చూపినా ఆ ఒక్క విషయంలో వాళ్లూ పాతవాళ్లే.

చిట్టిపొట్టి సంగతులు

* ‘ద యంగ్ వన్స్’ (1982–84) కథ మధ్యలో ఉన్నట్టుండి పాటల బృందాలు ఎందుకొస్తాయి? పాట ఉంటే అది ‘వెరైటీ’ లెక్కలోకి వచ్చి బీబీసీ ఎక్కువ డబ్బు ఇచ్చేది!
* మన పిల్లలందరికీ తెలిసిన మిస్టర్ బీన్ అసలు టీవీ సిరీస్‌లో ఎపిసోడ్లు 15 మాత్రమే. రోవన్ అట్కిన్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పీజీ చేశారు.
* అమ్మాయిల వెంట పరుగులతో పేరుపడ్డ బెన్నీ హిల్ షోను థేమ్స్ టెలివిజన్ 1989లో ఆపేసింది. అంతకు పదకొండేళ్ల ముందే కార్లా లేన్ ‘బటర్‌ఫ్లైస్’లో ఒక గృహిణి విసుగును, ఆశను హాస్యంగా రాసి చూపించారు.

జోకు తిరగబడ్డ రాత్రి

1998లో బీబీసీ టీవీలో ‘గుడ్‌నెస్ గ్రేషస్ మి’ మొదలైంది. రాసి నటించినవాళ్లు సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్ వంటి దక్షిణాసియా సంతతి బ్రిటిష్‌వాళ్లు. తప్పతాగి ఇండియన్ రెస్టరెంట్‌కు వెళ్లి సర్వర్ మీద నోరు పారేసుకోవడం ఇంగ్లిష్ కుర్రాళ్లకు అలవాటు కదా. అందుకే వీళ్ల స్కెచ్‌లో బొంబాయి కుర్రకారు తాగి ఇంగ్లిష్ హోటల్‌కు వెళ్తారు. సర్వర్ పేరు సరిగా పలకరు. ఉన్నవాటిలో అన్నిటికన్నా చప్పగా ఉండేది తెమ్మంటారు! రంగు పూసుకునే పని లేకుండా, ఎవరూ కన్నీళ్లు పెట్టకుండా, ముప్పై ఏళ్ల బాకీ మూడు నిమిషాల్లో తీరిపోయింది.

లెక్క తీస్తే తేలేది ఇది. బాసిల్ బడాయి, మెయిన్వారింగ్ డాబు, మంత్రిగారి తికమక... ఇలా సొంత ఇంటి అహంకారాన్ని చూసి నవ్విన కామెడీలు నిలిచాయి. గుమ్మంలోకి వచ్చిన కొత్తవాణ్ని చూసి నవ్వినవి మాసిపోయాయి. మాసిపోయినవాటిని కత్తిరించి దాచడం కన్నా, ఎప్పటివో చెప్పి ఉన్నవున్నట్టు చూపించడమే మేలు. కొత్తగా చూసేవారు ‘యెస్ మినిస్టర్’తో మొదలుపెట్టండి. సచివాలయం మెట్లెక్కిన తెలుగువారికి అందులో వివరించి చెప్పాల్సింది ఏమీ ఉండదు.