నాలుగు తీగలు, ఎనిమిది స్వరాలు: యుకులేలేపై జాజ్ కార్డులు

యుకులేలే చేతికొచ్చిన పిల్లలు కొద్ది వారాల్లోనే సి, ఎ మైనర్, ఎఫ్, జి అనే నాలుగు కార్డులు వాయించేస్తారు. ఆ నాలుగింటితో బోలెడు పాటలు పాడుకోవచ్చు. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. కొత్త పాట తీసిన ప్రతిసారీ కొత్త కార్డు, కొత్త చార్టు. ఎక్కాల్లా బట్టీ పట్టడం మొదలవుతుంది. కొన్నాళ్లకు వాయిద్యం బీరువా పైకెక్కుతుంది. కార్డులను గుర్తుపెట్టుకోవడమే కాక, సొంతంగా కట్టుకోవడం కూడా తెలిస్తే పిల్లలు ఈ దశను తేలిగ్గా దాటుతారు. అందుకు జాజ్ సంగీతంలో చక్కటి దారి ఒకటుంది. మీకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చుని అంకెలు చదివి వినిపిస్తే చాలు.

కార్డు అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగడం. ఒక స్కేల్‌లోంచి ఒకటి విడిచి ఒకటి ఏరుకుంటే కార్డు తయారవుతుంది. మామూలు మేజర్ స్కేల్‌లో ఏడు స్వరాలు: సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. మన శంకరాభరణం స్వరాలే ఇవి. 1940లలో న్యూయార్క్‌లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వంటివారు బీబాప్ అనే వేగమైన జాజ్‌ను వాయించారు. ఆ సంగీతంలో ఈ ఏడింటి మధ్య అదనపు స్వరం దూరడం తరచుగా వినిపిస్తుంది. జి, ఎ స్వరాల మధ్య జి షార్ప్ చేర్చితే ఎనిమిది స్వరాలవుతాయి. దీన్నే బీబాప్ మేజర్ స్కేల్ అంటారు.

ఎనిమిదో స్వరం ఎందుకు? ఇంట్లో ఎవరైనా సరళీ వరుసలు పాడుతుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు, స్వరాలు ఏడే. అందుకే పైకెళ్లేటప్పుడు పై షడ్జమంతో ముగించి, దిగేటప్పుడు మళ్లీ దానితోనే మొదలుపెడతాం. అలా చేయకుండా ఏడు స్వరాలనే తిప్పుతూ పోతే ప్రతి చుట్టుకూ ఒక లెక్క జారిపోతుంది. జాజ్‌లో కూడా నాలుగు బీట్లను సగాలు చేస్తే ఎనిమిదే. ఏడు స్వరాలతో పైకెళ్తే మొదటి సి బీట్ మీద, రెండో సి రెండు బీట్ల మధ్య పడుతుంది. ఎనిమిది స్వరాలుంటే ఆ తేడా రాదు. సి, ఇ, జి, ఎ ప్రతి చుట్టులోనూ బీట్ మీదే పడతాయి.

ఇప్పుడు ఆ ఎనిమిదింటినీ ఒకటి విడిచి ఒకటి ఏరండి. సి, ఇ, జి, ఎ ఒక జట్టు. ఇది సి సిక్స్‌త్ కార్డు. మిగిలిన డి, ఎఫ్, జి షార్ప్, బి రెండో జట్టు. ఇది డిమినిష్డ్ కార్డు. స్కేల్‌లో ఏ మెట్టు మీద మొదలుపెట్టినా ఈ రెండే వస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి. డెట్రాయిట్‌లో 1929లో పుట్టి 2021లో మరణించిన పియానిస్టు బ్యారీ హ్యారిస్ తన బోధనంతా దీని చుట్టూ అల్లారు. ఆయన దీన్ని సిక్స్‌త్ డిమినిష్డ్ స్కేల్ అనేవారు.

ఇది పియానో పాఠమే అయినా యుకులేలేకు అతికినట్టు సరిపోతుంది. యుకులేలే తీగలను సాధారణంగా జి, సి, ఇ, ఎ అని శ్రుతి చేస్తారు కదా! అంటే ఏ వేలూ పెట్టకుండా మీటితేనే సి సిక్స్‌త్ మోగుతుంది. ఇక ప్రతి తీగ మీదా స్వరాన్ని స్కేల్‌లో ఒక్క మెట్టు పైకి జరపాలి. జి కాస్తా జి షార్ప్ అవుతుంది, సి డి అవుతుంది, ఇ ఎఫ్, ఎ బి. ముఖం వైపు తీగ నుంచి లెక్కిస్తే ఫ్రెట్లు 1-2-1-2. డిమినిష్డ్ వచ్చేసింది. మరో మెట్టు జరిపితే 2-4-3-3, మళ్లీ సి సిక్స్‌త్. ఆపైన 4-5-4-5, 5-7-5-7, 7-8-7-8, 9-9-8-10, 10-11-10-11, చివరికి 12-12-12-12.

డిమినిష్డ్ కార్డుల అంకెలు గమనించారా? చేతి ఆకారం ఒక్కటే, మూడేసి ఫ్రెట్లు పైకి జరుగుతుంది. ఎందుకంటే ఆ నాలుగు స్వరాల మధ్య దూరాలు సమానం. అంటే ఒక్క ఆకారం నేర్చుకుంటే నాలుగు చోట్ల పనికొస్తుంది. మొదట్లో చిటికెన వేలు మొరాయిస్తుంది, అది మామూలే. చిన్నదైన సోప్రానో యుకులేలేలో పై ఫ్రెట్లు ఇరుకు కాబట్టి 7-8-7-8 దాకా వెళ్లి వెనక్కి వస్తే చాలు.

వేగం కోసం పిల్లలను తొందరపెట్టకండి. ఒక్కో కార్డును నాలుగు లెక్కలు మోగనివ్వమనండి. డిమినిష్డ్ దగ్గర ఇంకా ఏదో రావాలన్నట్టు ఉంటుంది, సిక్స్‌త్ దగ్గర ఇల్లు చేరినట్టు ఉంటుంది. ఈ తేడా చెవికి తెలియడమే అసలు పాఠం, వేళ్ల కసరత్తు ఆ తర్వాత. నైలాన్ తీగలు కొత్తవైతే శ్రుతి తరచూ దిగిపోతుంది, కాబట్టి ముందు ట్యూనర్‌తో సరిచూడాలి.

ఈ వరుస అలవాటైన పిల్లలకు ఇంకొకటి చూపించవచ్చు. 2-4-3-3 పట్టుకుని, సి తీగ మీది వేలిని ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిపితే 2-3-3-3. అది సి మైనర్ సిక్స్‌త్, కాస్త దిగులుగా వినిపిస్తుంది. దాని ముందూ వెనకా వచ్చే డిమినిష్డ్ కార్డులు మాత్రం 1-2-1-2, 4-5-4-5, అవే.