‘కుట్ర సిద్ధాంతం’ అన్న ముద్ర, ఆగిపోయే విచారణ

పలుకుబడి గల వ్యక్తులో సంస్థలో రహస్యంగా చేతులు కలిపి ప్రజలకు హాని చేశారని, ఆ సంగతిని కప్పిపుచ్చుతున్నారని చెప్పే వివరణను కుట్ర సిద్ధాంతం అంటున్నారు. అటువంటి వివరణ నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. ఏది ఏమిటో తేల్చవలసింది ఆధారాలు. కానీ ప్రజాచర్చలో ఒక మనిషిని కుట్ర సిద్ధాంతవాది అని పిలిచిన వెంటనే, దృష్టి ఆ మనిషి చూపిన ఆధారాలను వదిలి, ఆ మనిషి వివేకం మీదికి, ఉద్దేశాల మీదికి మళ్లుతుంది. అంటే విచారణ మొదలు కాకముందే తీర్పు వెలువడుతుంది. ప్రజలకు సంస్థల మీద ఉండే విశ్వాసాన్ని ఇది ఎలా దెబ్బతీస్తుందో గత అరవై ఏళ్ల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ 1963 నవంబర్ 22న డల్లాస్‌లో హత్యకు గురికాగా, దర్యాప్తు జరిపిన వారెన్ కమిషన్ లీ హార్వీ ఆస్వాల్డ్ ఒంటరిగానే ఆ హత్య చేశాడని 1964లో తేల్చింది. ఆ నివేదికపై విమర్శలు పెరగడంతో గూఢచార సంస్థ సీఐఏ 1967లో తన కార్యాలయాలకు ఒక లేఖ పంపి, పరిచయమున్న సంపాదకుల ద్వారా, రాజకీయ నాయకుల ద్వారా విమర్శలను తిప్పికొట్టాలని, విమర్శకులకు రాజకీయ, ఆర్థిక ప్రయోజనాలు ఉన్నాయని ఎత్తిచూపాలని సూచించింది. 1976లో సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఆ లేఖ వెల్లడైంది. కుట్ర సిద్ధాంతం అన్న మాటను సీఐఏయే పుట్టించిందని ఆ తర్వాత ఒక ప్రచారం బయలుదేరింది గానీ, 19వ శతాబ్దపు అమెరికా పత్రికల్లోనే ఆ మాట కనిపిస్తుంది కనుక ఆ ప్రచారం తప్పు. అసలు లేఖ వాస్తవం, దాని చుట్టూ అల్లిన కథ అవాస్తవం. ఈ రెంటినీ విడదీయగలగడమే పరిశీలనకు తొలి మెట్టు.

ప్రభుత్వాలు నిజంగానే దారుణాలను దాచిన సందర్భాలు ఉన్నాయి. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ప్రాంతంలో అమెరికా ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 వరకు దాదాపు 600 మంది నల్లజాతి పురుషులపై అధ్యయనం జరిపింది. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నా ఆ సంగతి వారికి చెప్పలేదు, 1940ల నుంచి పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చినా వారికి అందనివ్వలేదు. అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1997లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఇటువంటి గతం ఉన్న సమాజంలో ప్రభుత్వ వైద్యాన్ని శంకించేవారిని వెర్రివారిగా కొట్టిపారేయడం అన్యాయమే కాదు, ఆ శంకను మరింత బలపరచడం కూడా.

కోవిడ్ వైరస్ పుట్టుకపై సాగిన వివాదం ఈ ముద్ర చేసే నష్టానికి ఇటీవలి ఉదాహరణ. 27 మంది శాస్త్రవేత్తలు 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ప్రకటన చేస్తూ, వైరస్ సహజంగా పుట్టలేదనే కుట్ర సిద్ధాంతాలను తీవ్రంగా ఖండించారు. వైరస్‌ను ఆయుధంగా తయారు చేశారన్న ఆధారం లేని ఆరోపణనూ, పరిశోధనశాల నుంచి ప్రమాదవశాత్తు బయటపడి ఉండవచ్చా అన్న ప్రశ్ననూ చాలామంది ఒకే గాటన కట్టారు. ఆ ప్రకటన వెనుక ప్రధాన పాత్ర వహించిన పీటర్ డాస్జాక్ అప్పట్లో నడిపిన సంస్థ, ఆ ప్రశ్నకు కేంద్రమైన వుహాన్ పరిశోధనశాలతో కలిసి పనిచేసినదే. ఆ సంబంధాల వివరాలను పత్రిక 2021 జూన్‌లో గాని అనుబంధంగా ప్రచురించలేదు. అదే ఏడాది మే నెలలో 18 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికకు రాసిన లేఖలో రెండు అవకాశాలనూ నిష్పాక్షికంగా పరిశోధించాలని కోరారు. వైరస్ మానవ నిర్మితమనే పోస్టులను తొలగిస్తూ వచ్చిన ఫేస్‌బుక్ ఆ నెలలోనే ఆ విధానాన్ని విరమించుకుంది. జంతువుల నుంచే వైరస్ మనుషులకు సోకిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నా, ప్రశ్న పూర్తిగా తేలలేదు. చివరికి సహజ మూలమే రుజువైనా, ప్రశ్నను ముందే నిషేధించిన వారి మాట ఎందరు నమ్ముతారన్నది సందేహమే.

ఈ ముద్ర ఎవరిపై పనిచేస్తుందో గమనించాలి. ఒక వాదనకు కుట్ర సిద్ధాంతమని పేరు పెట్టినంత మాత్రాన దానిపై నమ్మకం తగ్గదని పరిశోధకుడు మైకేల్ వుడ్ 2016లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. గట్టిగా నమ్మినవారు ముద్రకు జంకరు. ఉద్యోగమూ పరువూ ఉన్న శాస్త్రవేత్తలు, పాత్రికేయులు, అధికారులు జంకుతారు. ఆధారాలను జల్లెడ పట్టగల సామర్థ్యం ఉన్నవారు తప్పుకున్న చోట, ఆ ప్రశ్న వదంతులను వ్యాపారం చేసుకునేవారి చేతికి చిక్కుతుంది.

వదంతుల వ్యాపారం ఎంత క్రూరమైనదో శాండీ హుక్ పాఠశాల ఉదంతం చెబుతుంది. కనెటికట్ రాష్ట్రంలోని ఆ పాఠశాలలో 2012 డిసెంబర్ 14న 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది కాల్పులకు బలికాగా, అదంతా నాటకమని అలెక్స్ జోన్స్ అనే ప్రసారకర్త ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు. ఆ ప్రచారాన్ని నమ్మినవారు బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను వేధించారు. 2022లో న్యాయస్థానాలు అతనిపై వంద కోట్ల డాలర్లకు మించిన పరిహారం విధించాయి. ఇక్కడ అతన్ని ఓడించింది ముద్ర కాదు, న్యాయ ప్రక్రియ.

తెలుగు నేలపై జరిగిన ఒక ఘటన ఇదే పాఠాన్ని చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు ఒక ప్రాజెక్టు కింద వేశారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయితే తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాలపై సంతకాలు చేయడం వంటి లోపాలు బయటపడ్డాయి, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుబట్టింది. విమర్శలన్నీ వదంతులేనని తోసిపుచ్చి ఉంటే గిరిజన బాలికల హక్కులకు జరిగిన భంగం మరుగున పడేది. విమర్శలన్నిటినీ నమ్మి ఉంటే ప్రాణాలు కాపాడే టీకాపై నింద స్థిరపడేది.

అందువల్ల అడగవలసింది ఆరోపించినది ఎవరని కాదు. ఆ ఆరోపణలో ఎన్ని వాదనలు కలిసి ఉన్నాయి, ఒక్కోదానికి ఆధారం ఏది, ఏ సాక్ష్యం దొరికితే అది తప్పని ఒప్పుకోవడానికి ఆరోపించినవారు సిద్ధంగా ఉన్నారు అన్నవే ముఖ్యం. ఎంత సాక్ష్యం చూపినా అది కూడా కుట్రలో భాగమేనని చెప్పే వాదన పరీక్షకు నిలవనిది కనుక దాన్ని తిరస్కరించవచ్చు, ఆ తిరస్కారానికి కారణమూ చెప్పవచ్చు. సంస్థలు తమ పత్రాలను, ప్రయోజన సంబంధాలను, పొరపాట్లను తామే ముందుగా వెల్లడించాలి; పౌరులు తమ అనుమానానికి రుజువు చూపే బాధ్యత తీసుకోవాలి. ప్రశ్నించినవారికి పేరు పెట్టే సమాజం కంటే వారికి జవాబిచ్చే సమాజంలోనే అబద్ధానికి కాలు నిలువదు.