క్రీడాకారులకు ఉన్నతోద్యోగాలు: ఉప్పల్ మైదానం నుండి పోలీసు శాఖ వరకు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య తొలి అంతర్జాతీయ వన్డేకు వేదిక అయింది. 2024 అక్టోబరు 12న ఇదే మైదానంలో బంగ్లాదేశ్‌తో జరిగిన టీ-20లో భారత జట్టు 6 వికెట్లకు 297 పరుగులు సాధించింది. దానికి సరిగ్గా ఒక రోజు ముందు, హైదరాబాద్ జట్టు నుండి ఎదిగిన ఫాస్ట్ బౌలర్ శ్రీ మహమ్మద్ సిరాజ్ రాష్ట్ర డీజీపీ కార్యాలయంలో డిప్యూటీ సూపరింటెండెంట్ ఆఫ్ పోలీస్‌గా నియామక పత్రం అందుకున్నారు. ఆ మ్యాచ్ జట్టులో ఆయన లేరు. అయినప్పటికీ ఆ వారం నగరంలో ఆయన పేరే ఎక్కువగా వినిపించింది.

క్రీడాకారునికి ప్రభుత్వం ఉద్యోగం ఎందుకివ్వాలి, ఏ నిబంధన ప్రకారం ఇస్తుంది అన్న ప్రశ్నలు ఇటువంటి ప్రతి సందర్భంలోనూ ఉత్పన్నమవుతాయి. వాటిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భద్రత లేని వృత్తి

ఉప్పల్‌ను ఆనుకొని ఉన్న నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికునికి ప్రమాదం జరిగినా, జబ్బు చేసినా అక్కడి ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. వయసు మీరిన తరువాత భవిష్యనిధి ఉంది. క్రీడాకారునికి అటువంటి ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఒక గాయం, ఒక సీజన్ వైఫల్యం అతని జీవనాధారాన్ని దెబ్బతీయగలవు. చదువుకోవలసిన వయసును మైదానానికి అర్పించినందున మరొక ఉద్యోగానికి కావలసిన డిగ్రీ కూడా చాలామంది చేతిలో ఉండదు.

శ్రీ సిరాజ్ ఆటో డ్రైవరు కుమారుడు. టెన్నిస్ బంతితో ఆట నేర్చుకున్నారు. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీసిన పిమ్మట, 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల రూపాయల కనీస ధర ఉన్న ఆయనను సన్‌రైజర్స్ జట్టు 2 కోట్ల 60 లక్షలకు తీసుకున్నది. ఇటువంటి అవకాశం వేలమందిలో ఒకరికి మాత్రమే లభిస్తుంది.

ఆటకు మించిన నడవడిక

2020 నవంబరులో భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా ఆయన తండ్రి మరణించారు. స్వదేశానికి తిరిగి వెళ్ళే అవకాశం ఉన్నా ఆయన జట్టుతోనే ఉండిపోయారు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో టెస్టు రంగప్రవేశం చేశారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు సందర్భంగా ప్రేక్షకులలో కొందరు దూషించగా, సహించి ఊరకుండక అంపైర్లకు ఫిర్యాదు చేశారు. ఆట కొంతసేపు నిలిచింది. ఆరుగురు ప్రేక్షకులను బయటకు పంపారు. ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు క్షమాపణ తెలిపింది. తదుపరి బ్రిస్బేన్ టెస్టులో ఆయన 73 పరుగులకు 5 వికెట్లు పడగొట్టారు. హైదరాబాద్ చేరిన వెంటనే విమానాశ్రయం నుండి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్లారు.

2023 జనవరి 18న ఉప్పల్‌లో న్యూజిలాండ్‌పై జరిగిన వన్డేలో సొంత ప్రేక్షకుల ఎదుట 46 పరుగులకు 4 వికెట్లు తీశారు. భారత్ 12 పరుగుల తేడాతో గెలిచింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కొలంబోలో జరిగిన ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, తనకు లభించిన 5,000 డాలర్ల బహుమతిని మైదానం సిబ్బందికి ఇచ్చివేశారు. అన్యాయంపై నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయడం, తెర వెనుక శ్రమించినవారిని గుర్తించడం ప్రజాసేవకునికి కూడా కావలసిన గుణాలే.

చట్టంలో మార్పు

గ్రూప్-1 ఉద్యోగానికి డిగ్రీ అర్హత అవసరం. శ్రీ సిరాజ్ ఇంటర్మీడియట్ వరకే చదివారు. ఈ కారణంగా 2024 ఆగస్టులో రాష్ట్ర శాసనసభ 1994 నాటి ప్రభుత్వ నియామకాల క్రమబద్ధీకరణ చట్టాన్ని సవరించింది. ప్రపంచ బాక్సింగ్ విజేత, నిజామాబాద్‌కు చెందిన కుమారి నిఖత్ జరీన్‌కు కూడా డీఎస్పీ ఉద్యోగం లభించింది. అంతకు పూర్వం 2017లో ఒలింపిక్ రజత పతక విజేత కుమారి పి.వి. సింధును డిప్యూటీ కలెక్టరుగా నియమించేందుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ సైతం ఇదే విధంగా చట్ట సవరణ చేసింది.

పోలీసు శాఖకూ క్రీడలకూ గల అనుబంధం హైదరాబాద్‌కు కొత్త కాదు. శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఉపాధ్యాయుడైన శ్రీ రహీం శిక్షణలోనే భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. నాటి ఆటగాళ్ళకు నెల జీతం భరోసా ఉండడం ఆ విజయాలకు తోడ్పడింది.

చేయవలసినది

ఉద్యోగం లభించిన తరువాత కూడా శ్రీ సిరాజ్ ఆట కొనసాగిస్తున్నారు. 2025 ఆగస్టు 4న లండన్‌లోని ఓవల్ మైదానంలో 104 పరుగులకు 5 వికెట్లు తీసి, 6 పరుగుల తేడాతో భారత్‌కు విజయం చేకూర్చారు. ఐదు టెస్టులూ ఆడి ఆ సిరీస్‌లో 23 వికెట్లు సాధించారు.

అయితే ప్రఖ్యాత క్రికెటర్‌కు ఉద్యోగం జీవనాధారం కన్నా గౌరవమే అధికం. దాని అవసరం ఎక్కువగా ఉన్నది ప్రేక్షకులు, ప్రకటనలు లేని క్రీడలలో శ్రమించేవారికి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ-20 విభాగంలో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన కుమారి దీప్తి జీవాంజికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించడం ఈ దిశలో గమనింపదగినది. ప్రత్యేక చట్ట సవరణలు కొద్దిమందికే వర్తిస్తాయి. ఉద్యోగ నియామకాలలో క్రీడాకారులకు కేటాయించిన 2 శాతం రిజర్వేషన్‌ను ప్రతి నోటిఫికేషన్‌లో సకాలంలో అమలుపరచినప్పుడే, ఉప్పల్, నాచారం బస్తీలలో టెన్నిస్ బంతితో ఆడుకునే పిల్లల తల్లిదండ్రులు ఆటను నమ్మి వారిని మైదానానికి పంపగలుగుతారు.