చలిగాలి రోజున కొల్లేరు పక్షులు: పడవ ఎక్కేముందు తెలుసుకోండి

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్లే కుటుంబాలు చాలానే. ఫజర్ నమాజ్ కాగానే బయల్దేరి, ఎండ ఎక్కేలోపు పడవలో కూర్చుంటే పక్షులు బాగా కనబడతాయంటారు. నిజమే. కానీ గాలి గట్టిగా కొట్టే చలి రోజున లెక్క మారిపోతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సు 1999లో అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. లోతు తక్కువ కాబట్టి ఇక్కడి జాలరులు తాటిమొద్దు తొలిచి చేసిన దోనెల్ని గెడతో నెట్టుకుంటూ తిరుగుతారు. ఇంజన్ మోత ఉండదు, దోనె కూడా నీళ్లకు ఆనుకుని ఎత్తు లేకుండా కదులుతుంది. దాంతో పక్షి అంతగా బెదరదు.

గాలి రోజున పక్షులు గాలికి ఎదురుగా ముఖం పెట్టి కూర్చుంటాయి. వెనకనుంచి గాలి తగిలితే ఈకలు లేచి లోపలి వెచ్చదనం పోతుంది మరి. పైకి లేవడానికీ ఎదురుగాలే కావాలి, విమానంలాగే. అందుకే ఆ రోజు నడి నీళ్లలో వెతకడం దండగ. జమ్ము పొదల చాటున, గాలి తగలని వైపు చూడాలి. బైనాక్యులర్స్ కొనేవాళ్లు పది రెట్ల కన్నా ఎనిమిది రెట్లదే తీసుకుంటే మేలు. ఊగే పడవలో ఎక్కువ రెట్లయితే బొమ్మ నిలవదు.

వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో వెళ్లాలి. అప్పుడు అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి తోడొస్తుంది. చాలామంది దీన్నే తిరగేసి ఇబ్బంది పడతారు. అల పక్కనుంచి తగిలితే చిన్న పడవ దొర్లిపోవచ్చు, ముక్కు ఎప్పుడూ గాలివైపే ఉండాలి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు వంగడం అన్నిటికంటే ప్రమాదం. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం ఎవరూ మర్చిపోలేదు. లైఫ్ జాకెట్ బురఖా మీదే వేసుకుని బెల్టులన్నీ బిగించాలి. షాల్ కప్పుకున్నాక జాకెట్ ఎందుకులే అనుకోవద్దు. వదులుగా వేసుకుంటే నీళ్లలో అది ముఖం మీదకు లేచిపోతుంది.

ఇక అసలు విషయం. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు, అంటే గూడబాతులు, గూళ్లు కడతాయి. పిల్లలు ఒంటిమీద ఈక లేకుండా పుడతాయి. పడవ మరీ దగ్గరికొస్తే తల్లి లేచిపోతుంది. మామూలు రోజున కాసేపటికి తిరిగొచ్చి సర్దుకుంటుంది. చలిగాలిలో ఆ కాసేపే పిల్ల ప్రాణం మీదకు తెస్తుంది, కాకులు కూడా అదే అదను చూస్తాయి. "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు అన్నా" అని పడవాయన్ని మనమే ఒత్తిడి పెడతాం, అదీ బాధ. పక్షి ఈకలు దువ్వుకోవడం ఆపి, మెడ నిక్కించి మనవైపే చూస్తుంటే అక్కడే ఆగిపోవాలి.

పిల్లలకు దారిలో సలీం అలీ గురించి చెప్పొచ్చు. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు తాను కొట్టిన పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవాలని వెళ్లి పక్షుల లోకంలో పడ్డారు. 1930ల మొదట్లో మన నిజాం రాజ్యంలోనూ పక్షుల సర్వే చేశారు.

నీళ్లమీద తెల్లటి నురగ కెరటాలు లేస్తుంటే ఆ రోజుకి పడవ మానేయడమే. గట్టుమీద ఎండలో కూర్చున్నా, పెలికాన్లు రెక్కలు చాచి ఎదురుగాలికి వేగం తగ్గించుకుంటూ నీళ్లమీద వాలడం చక్కగా కనిపిస్తుంది.