ఉస్తాద్ చేతిలో పాచిక

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు సరుకు చేసే లక్క గాజుల కార్ఖానాను ఊహించుకోండి. నిప్పుల సెగకు మెత్తబడిన లక్కను సాగదీసి, గాజుగా వంచి, వేడి ఉండగానే రాళ్లు, అద్దాల ముక్కలు పొదగాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడి రాయి పట్టదు. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఈ పనితనాన్ని అంకెల్లో పెట్టగలమా?

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు పెట్టి చూశాయి. ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరిస్తారు, పాత్ర తలపెట్టిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటలకు ఊపొచ్చింది. తొలి నియమాల్లో యుద్ధానికున్నంత లెక్క వృత్తులకు లేదు. 2000లో వచ్చిన మూడో కూర్పు చేతిపనులకూ, వృత్తులకూ విడివిడిగా నైపుణ్యాలు పెట్టింది.

లెక్క తేలికే. ఇరవై ముఖాల పాచిక వేసి, పడ్డ అంకెకు నైపుణ్యం కలపాలి. మొత్తం పని కష్టానికి పెట్టిన అంకెను అందుకుంటే గెలిచినట్టు. మన గాజుల పనికి 15 పెడదాం. ఉస్తాద్ నైపుణ్యం 9 అనుకుంటే పాచికపై 6 పడినా చాలు, అంటే నూటికి 75 సార్లు నెగ్గుతాడు. శిష్యుడిగా కొత్తగా చేరి ఇంకా ఏమీ రాని షాగిర్ద్‌కు 15 పడాలి, నూటికి 30 సార్లే.

ఇక్కడే నాకు అభ్యంతరం. నాలుగింట ఒక గాజు పాడుచేసేవాణ్ని ఎవరైనా ఉస్తాద్ అంటారా? తప్పు పాచికది. దానిపై 1 పడే అవకాశమూ 10 పడే అవకాశమూ సమానమే. దీనికి ఆ నియమాల్లోనే చక్కని విరుగుడుంది. ప్రమాదం, తొందర లేనప్పుడు పాచిక వేయకుండా 10 పడినట్టే అనుకోవచ్చు. అప్పుడు ఉస్తాద్‌కు 19, ప్రతి గాజూ కుదురుతుంది. షాగిర్ద్‌కు 10, ఒక్కటీ కుదరదు. నిలకడే పనితనమన్న సంగతి ఈ చిన్న నియమంలో ఉంది. పెళ్లివారు గుమ్మంలో నిలబడి తొందరపెడితే మాత్రం పాచిక వేయాల్సిందే.

1986 నాటి ‘గర్ప్స్’ అనే ఆట వేరే దారి పట్టింది. మూడు మామూలు పాచికల మొత్తం నైపుణ్యానికి మించకూడదు. మొత్తం 216 కలయికల్లో 10, 11 వచ్చేవి 54 ఉంటే, 18 వచ్చేది ఒక్కటే. 14 నైపుణ్యమున్నవాడు నూటికి 90 సార్లకు పైగా నెగ్గుతాడు.

నేర్చుకోవడాన్ని బాగా పట్టుకున్నది 1981 నాటి ‘కాల్ ఆఫ్ క్తుల్హూ’. ఆటలో ఒక నైపుణ్యం ఫలిస్తే దానికి టిక్కు పెట్టుకుని, తర్వాత నూరులోపు అంకె వేస్తారు. అది ఇప్పుడున్న నైపుణ్యాన్ని దాటితేనే నైపుణ్యం పెరుగుతుంది. 30 ఉన్నవాడికి 70 శాతం అవకాశం, 80 ఉన్నవాడికి 20 శాతమే. మొదట వేగంగా, పైకి పోయేకొద్దీ నెమ్మదిగా అబ్బడం ఏ కార్ఖానాలోనైనా కనిపించేదే.

సంపాదన లెక్క మాత్రం తేలిపోయింది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడో కూర్పులో వృత్తి పాచిక మొత్తంలో సగం వారానికి బంగారు నాణేలుగా వస్తుంది. పెళ్లిళ్ల సీజన్, దుకాణదారు బేరం, లక్క ధర అందులో లేవు. పాతబస్తీ నేపథ్యంగా తెలుగులో ఆట రాయాలనుకునేవాళ్లు ముందు ఒక పూట గాజుల పని దగ్గర కూర్చుని, ఆ మూడింటికీ నియమాలు రాయండి.